రోలు నీడ

మధ్యాహ్నం రెండున్నర దాటగానే మున్నీ బీడీల చాట చంకన ఇరికించుకుని, తడిగుడ్డలో చుట్టిన తునికాకు కట్ట నెత్తిన పెట్టుకుని, ఊరికి పడమర ఉన్న బీడు వైపు నడిచేది. అప్పటికి రోలు నీడ అక్కడ పరుచుకుని ఉండేది. సుభద్రమ్మ తన బర్రెను అందులోనే కట్టేసి కునుకు తీస్తూ ఉండేది. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఎండలో తునికాకు గంటలో పెళుసెక్కి కత్తెర కింద విరిగిపోతుంది. రోలు నీడలో మూడు రోజులైనా తడి ఆరదు. అంత సుఖం ఎవరు వదులుకుంటారు?

ఆ నీడ దేనిదంటే చెప్పడం కష్టం. అక్కడ కట్టడమేదీ లేదు. పోచారం ప్రాజెక్టు కింది ఆ ఊరికి పోయిన కార్తీకంలో నాగిరెడ్డిపేట మీదుగా రెండు జీపులొచ్చాయి. వచ్చినవాళ్లు కొలతలు తీసి, మున్నీ పొలం నడుమ ఎర్రరంగు పూసిన గూటాలు పాతి వెళ్లారు. మర్నాడు పొద్దున్నుంచి ఆ గూటాల దగ్గర మొదలై ఒక పెద్ద నీడ పడసాగింది. కింద వెడల్పు, నడుమ సన్నం, పైన మళ్లీ వెడల్పు, అచ్చం రోలు. పొద్దున పడమటికి సాగేది, మిట్టమధ్యాహ్నం ముడుచుకునేది, సాయంత్రానికి ఊళ్లోకి వచ్చేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పునాది తవ్వకముందే నీడ పడటం చూసి, సర్కారు పని ఈసారి తొందరగానే అయ్యేట్టుందని ఊరు అనుకుంది.

కాకులు మాత్రం అందులో వాలేవి కావు. కుక్కలు దాని అంచు వెంబడి చుట్టు తిరిగి పోయేవి. లోపల కూర్చున్నవాళ్లు మాట్లాడుతుంటే బయట నిలబడ్డవాళ్లకు ముందు పెదవులు కదలడం కనిపించేది, మాట కొంచెం ఆగి వినిపించేది. దానికీ అలవాటు పడ్డారు.

మున్నీ కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు నిలవకుండా పోయింది. ఈసారి ఐదో నెల దాటింది కాబట్టి అత్త జన్నత్ బీ ఆమెను బిందె కూడా ఎత్తనిచ్చేది కాదు. మున్నీ బెంగ మాత్రం వేరే. మొగుడు వహీద్ కామారెడ్డి హైవే మీద లారీల మెకానిక్. మస్కట్ పంపిస్తానని యాకూబు అనే ఏజెంటు అతని పాస్‌పోర్టు తీసుకుని ఆర్నెల్లయింది. వీసా వస్తే మూడేళ్లు మనిషి కనబడడు. పుట్టే బిడ్డ తండ్రిని ఫొటోలో చూసి గుర్తుపట్టే గతి రాకూడదని మున్నీ ఐదు పూటల నమాజులోనూ అదే అడిగేది.

అలాంటి సమయంలో జీపులవాళ్లు భూమి ఇచ్చిన ఇంటికో నౌకరి అన్నారు. వహీద్‌కు గేటు దగ్గర కావలి పని. పొలం రెండెకరాలూ పెళ్లిలో వరుడు వధువుకిచ్చే మెహర్ కింద మున్నీ పేరున రాసినవి. మెహర్ భూమి మీద మొగుడికీ అత్తకూ హక్కు లేదు, వేలిముద్ర ఆమే వెయ్యాలి. పదివేళ్లూ వేస్తానంది మున్నీ.

కట్టబోయేది ఏమిటో మాత్రం ఊరికి సరిగ్గా తెలియలేదు. జీపులవాళ్లు పంచిన కాగితానికి ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. తెలుగు వైపు 'అణు విద్యుత్ కేంద్రం' అని ఉంది. విద్యుత్తంటే కరెంటని తెలుసు, అణు ఎవరో తెలియదు. దాంతో కాగితం తీసుకుని అందరూ అజీముద్దీన్ దగ్గరికి పోయారు. ఆయన నిజాం జమానాలో ఎల్లారెడ్డి కచేరీలో మున్షీగా చేసినవాడు. అద్దాలు తుడుచుకుని ఉర్దూ వైపు చదివాడు.

"జౌహరీ బిజిలీ ఘర్."

"అంటే ఏంది సాబ్?" అన్నాడు కిష్టయ్య. అతని నాలుగెకరాలు మున్నీ పొలానికి ఆనుకునే ఉన్నాయి.

"జౌహరీ అంటే రత్నాలు, బంగారం పనిచేసే షావుకారి. బంగారం మిషన్లకు కరెంటు తయారుచేస్తరు గావచ్చు."

ఆ సాయంత్రానికి ఊరంతా బంగారపు ఫ్యాక్టరీ అయిపోయింది. కిష్టయ్య పెళ్లాం అనసూయమ్మ చెవికమ్మల నమూనా కూడా చూసిపెట్టుకుంది. ఉన్నమాట చెప్పాలంటే ఆ కాగితం రాసినవాళ్ల ఉర్దూ తప్పు కాదు, అజీముద్దీన్ ఉర్దూ కూడా తప్పు కాదు. ఒక్క మాటకు రెండు అర్థాలుండటమే తప్పు.

వైశాఖంలో ఊరి ఒప్పుకోలు కోసం సభ పెట్టారు. షామియానా తెచ్చారు గాని కట్టలేదు. రోలు నీడ ఉండగా షామియానా ఎందుకని పెద్ద ఆఫీసరే అందులో కుర్చీ వేయించుకున్నాడు. "ఎంత చల్లగా ఉందండీ ఇక్కడ!" అని నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. దేని నీడ అని అడగలేదు. ఏ ఆఫీసరు అడుగుతాడు?

"సార్, గా కరెంటు మాకిస్తరా?" అన్నాడు కిష్టయ్య.

"గ్రిడ్డుకు పోతుంది."

"గ్రిడ్డు ఏ తాలూకా సార్?"

ఆఫీసరు నవ్వి, దేశం గురించి చాలాసేపు మాట్లాడాడు. పొగ ఉండదన్నాడు, బొగ్గు అక్కర్లేదన్నాడు. చివరికి, "ప్రమాదమంటారా, లక్షలో ఒకటి. అంతకన్నా మీ ఎడ్లబండే ప్రమాదం" అన్నాడు. జనం నవ్వారు. జన్నత్ బీ నవ్వలేదు. కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"లక్షల ఒకటి అంటున్నరు గద సాబ్. ఆ ఒక్కటి ఎవరింట్ల వడ్తది?"

ఆఫీసరు మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగేసరికి వేలిముద్రల వరస మొదలైంది. మున్నీ వంతు వచ్చినప్పుడు మాత్రం ఆపారు. మెహర్ భూమికి నిఖానామా, అంటే పెళ్లి కాగితం, నకలు కావాలట. రాళ్ల పరీక్షకు బోరు వెయ్యాల్సింది ఆమె పొలంలోనే, కాబట్టి ఆ కాగితం పక్కాగా ఉండాలట. ఎల్లారెడ్డి ఖాజీ గారి దగ్గర్నుంచి నకలు తేవడానికి అజీముద్దీన్ ఒప్పుకున్నాడు. ఎనిమిది రోజులు గడువిచ్చారు.

ఆ ఎనిమిది రోజుల నడుమ సుభద్రమ్మ బర్రె ఈనింది. దున్నదూడ కాదు, పెయ్యదూడే, నల్లగా నిగనిగలాడుతోంది. సుభద్రమ్మ సంబరంగా దాన్ని ఎండలోకి ఎత్తుకొచ్చి నిలబెట్టింది. దూడ నాలుగు కాళ్ల మీద గట్టిగానే నిలబడింది. దాని కింద నేల మాత్రం తెల్లగా ఉంది. నీడ లేదు. బర్రె వచ్చి దూడను వాసన చూసింది, దాని పక్కన నేలను వాసన చూసింది, మళ్లీ దూడను చూసింది. తర్వాత తల తిప్పుకుని గడ్డి దగ్గరికి పోయింది. ఎంత తోసినా నాకలేదు, పొదుగు దగ్గరికి రానియ్యలేదు. పశువుల డాక్టరు వచ్చి నాలుక, కండ్లు, డెక్కలు చూసి బాగున్నాయన్నాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయట మున్నీ," అంది సుభద్రమ్మ వెదురు గొట్టంతో దూడకు పాలు తాపుతూ. "తల్లికే అది ఉన్నదో లేదో తెలుస్తలేదు."

"నువ్వు బర్రెను యాడ గట్టినవ్ అక్కా, ఇన్ని దినాలు?"

"యాడ గట్టిన? నువ్వు గూసున్న కాడనే."

మున్నీ చాట తీసుకుని లేచింది. రోలు నీడ దాటి ఇంటికి నడిచింది. వాళ్లిల్లు ఊరికి ఉత్తరాన ఉంది, నీడ అటు రాదు. సాయంత్రపు ఎండ గోడ మీద నిండుగా పడుతోంది. మున్నీ గోడ ముందు పక్కకు తిరిగి నిలబడి తన నీడను చూసింది. నెత్తి ఉంది, ముక్కు ఉంది, జారిన కొంగు ఉంది. పెండ్లినాటి మున్నీ లాగా సన్నగా ఉంది. కడుపు లేదు. చేతులతో పొట్ట తడుముకుంది, లోపల బిడ్డ తన్నింది. బీడీల చాటను తెచ్చి పొట్టమీద ఆనించి పట్టుకుంది. గోడ మీద చాట నీడ ఆమె నీడకు జానెడు దూరంలో, దేనికీ ఆనకుండా నిలబడింది. ఆ రెండింటి నడుమ ఎండ పడుతోంది.

అదే సమయానికి అజీముద్దీన్ ఎల్లారెడ్డి బస్సు దిగి వచ్చాడు. చేతిలో నకలు ఉంది.

"బేటీ, నీ కాగితం తెచ్చిన. ఇంకో మాట గూడ తెచ్చిన," అన్నాడు అరుగు మీద కూలబడి. "ఖాజీ సాబ్ ఇంట్ల పెద్ద లుగత్ ఉన్నది, మాటల అర్థాల పుస్తకం. ఊకెనె తీసి చూసిన. జౌహరీకి ఇంకో అర్థం ఉన్నది. నా జమానాల లేకుండె గా అర్థం."

"ఏంది సాబ్?"

"దేన్నన్న పగలగొట్టుకుంట పోతే, ఆఖరుకు ఇగ పగలని గింజొకటి మిగుల్తది సూడు, అది జౌహర్. దాన్ని గూడ పగలగొడ్తరట. గా మంటతోని కరెంటు జేస్తరట. రష్యాల రెండేండ్ల కింద గసొంటిదే పేలిందని రేడియోల విన్న. అది వేరే, మనది వేరే అనుకున్న. ఊరికి బంగారం అని చెప్పిన నేను! ఈ నాలుకను ఏం జెయ్యాలె?"

గోడ వైపు చూడకుండా ఉండటానికి మున్నీకి చాలా కష్టమైంది.

"ఆ మంట బూడిద ఏమైతది సాబ్?"

"సల్లారదంట. వేల ఏండ్లు కావలి గాయాలంట."

"ఎవరు గాస్తరు?"

"నీ మొగనికి ఇస్తమన్న నౌకరి గదేనేమో బేటీ."

వహీద్ రాత్రి భోజనాల దగ్గర ఆమె మాట విని ముద్ద కంచంలో వదిలేశాడు. "నేను ఇంటికాడ ఉండాలని ఏడ్చింది నువ్వే గదా? గిప్పుడు వద్దంటున్నది నువ్వే. ఇగ నేను మస్కట్ వోవుడు దప్ప ఏమున్నది?"

"పో," అంది మున్నీ. ఆ మాట అన్నాక ఏడ్చింది, కాని వెనక్కి తీసుకోలేదు. జన్నత్ బీ ఇద్దరి కంచాల్లోనూ ఇంకో గరిటె పప్పు వేసింది.

గడువు నాడు జీపు వచ్చింది. మున్నీ నకలు కాగితాన్ని మడిచి జాకెట్‌లో పెట్టుకుని, బొటనవేలు పిడికిట్లో దాచుకుని నిలబడింది. ఆఫీసరు నచ్చచెప్పాడు. కిష్టయ్య కోపమే తెచ్చుకున్నాడు. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి! బంగారం అసొంటి కార్ఖానాను మూతికాడికి వచ్చినంక తన్నుతవా?" అజీముద్దీన్ కిష్టయ్యకు రెండో అర్థం చెప్పబోయాడు గాని, మొదటి అర్థం అప్పటికే అనసూయమ్మ చెవుల్లో వేలాడుతోంది.

"పర్వాలేదండీ," అన్నాడు ఆఫీసరు ఫైలు మూస్తూ. అతనికి కోపం కూడా రాలేదు. "ఇక్కడ కాకపోతే ఇంకోచోట. ఎక్కడో ఒకచోట పడాలి కదా."

ఎర్ర గూటాలు పీకి జీపులో వేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం బీడు మీద ఎండ మండిపోయింది. ఆడవాళ్లు తునికాకును గోనె సంచుల కింద దాచుకుని మున్నీని తిట్టుకుంటూ బీడీలు చుట్టారు. సుభద్రమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. ఆమె దూడ ఎండలో తిరుగుతూనే ఉంది, నీడ లేకుండా.

నెల తిరక్కుండా వీసా వచ్చింది. కామారెడ్డి స్టేషన్‌లో మన్మాడ్ వైపు పోయే రైలెక్కాడు వహీద్, అక్కణ్నుంచి బొంబాయి. ఆఖరి నిమిషం దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రైలు కదిలాక అతను కిటికీలోంచి చెయ్యి చాపాడు. మున్నీ ఆ చెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు నడిచి, ప్లాట్‌ఫారం అంచున ఎండలో ఆగిపోయింది. తన నీడ కాళ్ల దగ్గర పడి ఉంది. పక్కకు తిరిగి చూసింది. నడుము దగ్గర చిన్న ఎత్తు, గుప్పెడంత. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చూసినవాళ్లు మొగుడు పోతున్నందుకు అనుకున్నారు.

వానకాలంలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చిందో లేదో చూడకముందే జన్నత్ బీ పిల్లను వాకిట్లోకి తీసుకుపోయి, మబ్బు విడిచేదాకా ఎత్తి పట్టుకుని నిలబడింది. మబ్బు విడిచింది. తడి నేల మీద రెండు చిన్న పిడికిళ్ల నీడ కదిలింది.

బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తుండగా, ఎండాకాలం మొదట్లో, వహీద్ ఉత్తరం వచ్చింది. అజీముద్దీన్ అరుగు మీద కూర్చుని చదివాడు. బిడ్డకు ముద్దులు, అమ్మకు సలాములు అయ్యాక, పని సంగతి. మస్కట్ నుంచి చాలా దూరం తీసుకుపోయారట. సముద్రం ఒడ్డు, చుట్టూ ఇసుక, చెట్టు లేదు, గోడ లేదు. ఎండకు మనుషులు పడిపోతున్నారు. "కాని ఖుదా దయ వల్ల పది దినాల నుంచి మధ్యాహ్నం పూట చల్లటి నీడ ఒకటి పడుతోంది. దేనిదో ఎవరికీ తెలియదు. నడుము సన్నగా ఉంటుంది. మా క్యాంపు మొత్తం అందులోనే పడుకుంటాం. అందులో పడుకుంటే మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. నువ్వు బెంగపెట్టుకోకు."

అజీముద్దీన్ ఉత్తరం పక్కన పెట్టి కలం తీశాడు. జన్నత్ బీ అల్లా అంది. మున్నీ అప్పటికే బిడ్డను చంకన వేసుకుంది.

"జవాబు రాస్త బేటీ, కూసో."

"ఉత్తరం పోను ఎన్ని దినాలైతది సాబ్?"

"ఇరువై. ఒక్కోసారి నెల."

ఆమె ఆగలేదు, ఉత్తరం అందుకుని బయల్దేరింది. నాగిరెడ్డిపేట రోడ్డు దాకా పరుగెత్తి ఎల్లారెడ్డి బస్సు అందుకుంది, అక్కడ కామారెడ్డి బస్సు మారింది. టెలిగ్రాంలు పంపే తార్ ఆఫీసు మూసే వేళకు చేరింది. కిటికీ వెనకున్న గుమాస్తా భూమేశ్ ఫారం ముందుకు జరిపి, ఆమెకు రాయడం రాదని చూసి తానే కలం తీసుకున్నాడు. అడ్రసు ఉత్తరం మీద చూసి రాశాడు.

"ఏం రాయాలె చెల్లె?"

"ఎండల పండుకో."

భూమేశ్ తలెత్తాడు. ముప్ఫై ఏండ్ల నౌకరిలో చావులు రాశాడు, పుట్టుకలు రాశాడు, ఇలాంటిది రాయలేదు. "తప్పు చెప్తున్నవేమో తల్లీ. గల్ఫుల ఎండలు జూస్తివా? ఎవలన్న నీడకు పండుకోమంటరు."

"తప్పు గాదన్నా," అంది మున్నీ కిటికీ ఊచలు పట్టుకుని. "ఎండల్నే అని రాయి. జల్ది పంపు."