రూజిత్సా బల్ల మీది అంకెలు

మా వర్క్‌షాపులో ఎవరి బల్ల వాళ్లదే. నిష్ పట్టణంలో పాత రేడియో ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడి నుంచి తెచ్చుకున్న అలవాటు ఇది. ఇంకొకరి బల్ల ముట్టుకుంటే వాళ్ల కంచంలో చెయ్యి పెట్టినట్టే. నీటి మీటరు రీడింగును రేడియో సిగ్నల్‌గా గాలిలోకి పంపే బోర్డులకు నేనూ రూజిత్సా టంకం పెడతాం. ఎవరి బల్ల మీదున్న వినే బోర్డుతో వాళ్లే సిగ్నల్ బలం చూసుకోవాలి. అంకె మైనస్ డెబ్బై కిందికి దిగిందంటే సిగ్నల్ బలహీనం, బోర్డు ఎర్ర పెట్టెలోకి.

ఆ వారం రూజిత్సావి పద్నాలుగు ఎర్ర పెట్టెకెళ్లాయి. నావి ఒక్కటీ లేదు. శుక్రవారంలోగా బాగుపడకపోతే పని మాన్పిస్తానని ఇంజనీరు వ్లాదెత ఆమెతో చెప్పేశాడు. డిగ్రీ ఉన్నవాడి నోట అంకె వస్తే ఇంక అప్పీలు లేదు కదా.

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ని, నాకు కంటితో చూస్తే తప్ప నమ్మకం కుదరదు. భూతద్దం కింద ఆమె టంకం నాకంటే శుభ్రంగా ఉంది. మరి అంకె ఎందుకు పడిపోతోంది? మధ్యాహ్నం జున్ను కూరిన బురెక్ రొట్టె తింటున్నా అదే ఆలోచన.

"రూజిత్సా, నీ బోర్డు ఒకటి ఇటివ్వు."

"ఏం మేస్త్రీ, నన్ను పంపకముందే నా సామాను పంచుకుంటున్నావా?"

"ఇవ్వమ్మా తల్లీ, నమిలి మింగనులే."

ఆమె బల్ల మీద మైనస్ డెబ్బై మూడు చూపిన బోర్డు, అంతే దూరంలో పెడితే నా బల్ల మీద మైనస్ అరవై ఆరు చూపింది. నా బోర్డు అక్కడికి పట్టుకెళితే అదీ డెబ్బై రెండుకి పడిపోయింది.

"అయితే తప్పు నా చేతిది కాదా?" అంది రూజిత్సా.

"మాట్లాడేదానికి గొంతు బాగానే ఉంది. వినేదానికే చెవుడు."

వ్లాదెతను పిలిచాను. వినే బోర్డులో సిగ్నల్ కొలిచే చిప్ గురించి తయారీదారు ఇచ్చిన కాగితం తిరగేశాడు. లెక్క ఆరు దాకా అటూ ఇటూ కావచ్చని అందులోనే ఉంది. ఎవరూ చదవలేదు, అతనితో సహా.

"రెంటిలో ఏది నిజం సార్?"

అతను బీరువాలోంచి అసలైన కొలత పరికరం తెచ్చాడు. రూజిత్సా బోర్డు మైనస్ అరవై తొమ్మిది, అంటే పాసే. ఆమె బల్ల నాలుగు తగ్గించి చెబుతోంది. నా బల్ల మూడు పెంచి చెబుతోంది.

"మీవి కూడా చూద్దామా, మేస్త్రీ?" వ్లాదెత గొంతు తగ్గించాడు. "వద్దంటే వదిలేద్దాం."

"వదలడమెందుకు? తెలియాలిగా."

రూజిత్సా ఉద్యోగం నిలిచింది, పెట్టెలోంచి ఆమె బోర్డులన్నీ బయటికొచ్చాయి. వాటి చోటికి నావి తొమ్మిది వెళ్లాయి. నాలుగేళ్లుగా దయగల చిప్ ఒకటి వేసిన మార్కులు చూసుకుని మురిసిపోయానన్నమాట. ఒకటి వెనక్కి తీసి భూతద్దం కింద పెట్టాను. రూజిత్సా వంగి చూసింది.

"యాంటెన్నా కాలు దగ్గర చూడు, టంకం ఎక్కువైంది."

నిజమే. ఎక్కువే పెట్టాను.