ఖాళీ మేకు

కొట్టు పెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి సందు చివర ఒక ఇరుకు గది, మా నాన్న వాడి వాడి అరగదీసిన గజం బద్ద, బావ నోటి మాట. గదిని చూసి ఎవరూ రాలేదు. గజం బద్దను చూసి అసలే రాలేదు. నన్ను నిలబెట్టింది ఆ నోటి మాటే. బావ యూనివర్సిటీలో పారాచూట్ల మీద పరిశోధన చేసే విభాగంలో ఉండేవాడు. ఆ పారాచూట్ గొడుగులు మడిచి మూట కట్టడం ఆయన పని. చిరిగినవి కుట్టడం మా అక్క పని. "మా బావమరిది దగ్గర నైలాను గుడ్డ ఉంది, ఒకసారి నేత చూడండి" అని ఆయన ఒక్క ముక్క అన్నాడు. అప్పట్నుంచి వాళ్ళకు గుడ్డ వేసేది నేనే.

సరుకు దింపడానికి వెళ్ళినప్పుడల్లా ఆ మడతల గదిలో కాసేపు కూర్చునేవాణ్ణి. గది పొడవునా నున్నటి బల్ల. పక్కనే బావిని తలకిందులు చేసినట్టు ఎత్తుగా ఇంకో గది. తడిసిన గొడుగుల్ని అక్కడ పైనుంచి వేలాడదీసి ఆరబెట్టేవారు. ఎవరైనా తలుపు తీస్తే అన్నీ కలిసి ఒకేసారి ఇటు తిరిగేవి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి వేలాడే గుడ్డల మధ్యే బతికినవాణ్ణి, నేను కూడా అక్కడ గొంతు తగ్గించే మాట్లాడేవాణ్ణి.

నైలాను చేపలాంటిది, మడతలో నిలవదు. జారిపోకుండా మడత మీద సీసం గుళ్ళు పోసి కుట్టిన సన్నటి తిత్తులు పెట్టేవారు. ఒక్కోదానికి తోకలాగా ఎర్ర రిబ్బను. పని అయ్యాక ప్రతి తిత్తినీ గోడకున్న దాని మేకుకు తగిలించాలి. గోడ వంక చూసి, ఏ మేకూ ఖాళీగా లేదని తేల్చుకున్నాకే మూట కట్టాలి. గదిలో ఇంతకు మించిన శాసనం లేదు.

ఆ మూటలు వీపున వేసుకుని విమానంలోంచి దూకే కుర్రాణ్ణి అందరూ ఈక అనేవారు. మనిషి అంత సన్నం. ఈక మూట అందుకోగానే వేలి కణుపుతో దానిమీద తట్టి, "ఉన్నావా లోపల?" అని అడిగేవాడు. బావ తలెత్తకుండా, కొత్త పెళ్ళికూతురి గొంతు పెట్టి, "ఉన్నా, పదండి" అనేవాడు.

"మీ ఇద్దరికీ ముడిపెట్టేస్తే నాకు వంట తప్పుతుంది" అనేది అక్క.

"నాకేం అభ్యంతరం లేదు వదినా, అన్న గురకే భరించలేను" అనేవాడు ఈక.

ఒక మధ్యాహ్నం బావ రెండు మూటలు కట్టాడు. ఒకటి ఈక తీసుకెళ్ళాడు. అది విచ్చుకోలేదు.

మైదానం నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు ముందు గోడ వంకే చూశారు. ఒక మేకు ఖాళీగా ఉంది. తిత్తి మడతల్లో ఉండిపోయిందనీ, అదే గొడుగును పట్టేసిందనీ, పడేటప్పుడు ఏ పొదల్లోకో జారిపోయి ఉంటుందనీ విచారణకు వచ్చినవాళ్ళు తేల్చారు. పొదలన్నీ వెతికారు. దొరకలేదు. బావను అడిగితే, "గోడ చూశాననే అనుకుంటున్నాను" అన్నాడు. చూశాను అంటే సరిపోయేది. అనుకుంటున్నాను అన్న మాట ఆయన్ను ముంచేసింది. ఏడాది తిరక్కుండానే గుండె ఆగి ఆయనా పోయాడు.

విచారణ తేలిపోయింది కాబట్టి రెండో మూటను ఎవరూ విప్పలేదు, అలాగే మిగిలింది. అప్పటి ప్రొఫెసరుగారు దానికో ఎర్ర చీటీ కట్టి, ఎవరూ ముట్టుకోవద్దని పై అరలో పెట్టించాడు. ఎందుకో చెప్పలేదు గానీ ఆయనకూ తెలుసు, అక్కకూ తెలుసు. కనబడని తిత్తి ఒక్కటే. అది ఈ మూటలో ఉంటే ఈకను చంపింది బావ చెయ్యి కాదు. ఇందులో లేకపోతే బావ చెయ్యే. విప్పనంతకాలం సగం ఆశ ఉంటుంది. ఆ సగంతోనే అక్క బతికింది. బావ పని కూడా ఆవిడకే ఇచ్చారు. అదే బల్ల, అదే గోడ, నెత్తిమీద ఆ మూట.

ఈక వాళ్ళమ్మది అక్క ఉండే వీధే. అక్క ఎదురొస్తే ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేసేది. తిట్టిపోసినా బాగుండేదిరా, అనేది అక్క.

బిగించి కట్టిన నైలాను ఎండకు ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అంచేత ఆ మూట అప్పుడప్పుడూ చప్పుడు చేసేది. ఒకరోజు నేను గుడ్డ తాను దింపి చెమట తుడుచుకుంటున్నాను. పై అరలో టక్కుమంది. అక్క మిషను ఆపకుండా, తలెత్తకుండా, "ఉన్నా" అంది.

"ఎవరితో అక్కా?"

"ఎవరితో ఏంటి? అలవాటు."

ఆ అలవాటు నాకు నచ్చలేదు. కదలని సరుకు అటక మీద ఊరికే ఉండదు, కొట్టుకు అద్దె కట్టకుండా కొట్టువాణ్ణి తింటుంది. ఇది అక్కను తింటోందని నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది.

తర్వాత ప్రొఫెసరుగారు రిటైరయ్యాడు. కొత్తగా ఒక మేడం వచ్చింది. ఏళ్ళ తరబడి కట్టి ఉంచిన గొడుగు సమయానికి విచ్చుకుంటుందా లేదా అన్నది ఆవిడ పరిశోధన. పాత మూట కోసం వెతికితే విభాగం మొత్తానికి దొరికింది అదొక్కటే. మంచి మనిషి, నేరుగా అర మీంచి దింపేయలేదు. అక్కను కూర్చోబెట్టి అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఇది మీవారు కట్టిందని చెప్పారమ్మా. మీరు వద్దంటే ఇంకో దారి చూసుకుంటాను."

అక్క చేతిలో దారం తెంపుతూనే ఉంది. "ఆలోచించుకుని చెప్తాను మేడం."

మేడం వెళ్ళాక నేనన్నాను, "విప్పడం ఎందుకక్కా? ముందు కాటా మీద పెడదాం. తిత్తి బరువు ఎంతో తెలుసుగా."

"నీకు ప్రతిదీ కాటా మీద పెట్టాలిరా."

"మరి దేని మీద పెట్టమంటావ్?"

"తూచాక, మళ్ళీ తూచనట్టు ఉండలేం కదరా తమ్ముడూ."

అయినా బేరం వదిలే జాతి కాదు నాది. "నువ్వు పోయాక ఎవడో తెలియనివాడు ఏ చెత్తలోనో విప్పుతాడు. అప్పుడు లోపల ఏమున్నా బావకు అక్కరకు రాదు. నువ్వు చూస్తుండగా విప్పితేనే దానికి విలువ."

అక్క పై అర వంక చూసింది. "బల్ల మీద విప్పొద్దు. ఆయన కట్టింది ఎగరడానికి" అంది.

మూటను విమానంలోంచి జారవిడిచే రోజు గాలి నిలకడగా ఉంది. మనిషికి బదులు ఇసక నింపిన బొమ్మను పంపుతారు. దాన్ని వాళ్ళు అల్లుడుగారు అంటారు. ఇద్దరు మోసుకెళ్ళాలి, కాలు కింద పెట్టడు, ఏ పనీ చెయ్యడు. అల్లుడుగారి వీపుకు మూట బిగించాక అక్క దగ్గరికెళ్ళింది. వేలి కణుపుతో తట్టింది.

"ఉన్నావా లోపల?"

జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. మేడం, మోసే ఇద్దరూ, విమానం నడిపే అతనూ నా వంక చూసినట్టనిపించింది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాది కాని సరుకుకు నేనెలా పూచీ పడను? అక్క ఇంకాసేపు అక్కడే చెయ్యి ఆనించి నిలబడి, "పదండి" అంది తనే.

విమానం చిన్న చుక్కయింది. అందులోంచి ఇంకో చుక్క రాలింది. రాలుతూనే ఉంది. అక్క నా ముంజేయి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అంతలో ఒక తెల్లటి జడలాంటిది పైకి లేచి, వణికి, విచ్చుకుంది. విచ్చుకుంటున్నప్పుడు దాని మడతల్లోంచి ఏదో సన్నగా, ఎర్రగా జారి, గొడుగుకన్నా ముందు నేలకు దిగిపోయింది.

అక్క పరుగెత్తింది. ఆ వయసులో ఆవిడ అలా పరుగెత్తగలదని నాకు తెలియదు. నేను చేరేసరికి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని తిత్తిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. గోడ మీద తిత్తుల రిబ్బన్లన్నీ వెలుతురుకు వెలిసి క్యారెట్ ముక్కల్లా అయిపోయాయి. దీని రిబ్బను నిన్న కొన్నట్టుంది.

"తప్పు చేశాడురా" అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇందులో చేశాడు. అందులో చెయ్యలేదు."

మేడం రొప్పుతూ వచ్చింది. తిత్తి ఉండగా కూడా గొడుగు విచ్చుకుందని పదే పదే అంది. వెంటనే విచారణ కాగితాలు మళ్ళీ తెరిపిస్తానంది, మాట నిలబెట్టుకుంది. బావ పేరు మీది మచ్చ అధికారికంగా తుడిచేశారు. అక్క గదికెళ్ళి, తుప్పు పట్టిన ఆ మేకును కొంగుతో తుడిచి, తిత్తిని తగిలించింది. గోడ నిండింది.

కబురు వీధిలో పాకింది. కొన్నాళ్ళకు, నేను అక్క ఇంట్లో ఉండగా, ఈక వాళ్ళమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. అక్క కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. అక్క రెండు చేతులూ పట్టుకుని, "మీ ఆయన్ని ఎన్ని మాటలనుకున్నానో మనసులో" అంది. అక్క ఏదో అనబోయింది. ఆవిడ ఆగలేదు.

"అయితే మావాడు ఎలా పోయాడమ్మా?"

అక్క నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. గాలి అని చెప్పొచ్చు. తాళ్ళు మెలిపడ్డాయని చెప్పొచ్చు. ఏదీ రుజువున్న మాట కాదు. ఆవిడ చేతులు వదిలేసి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఎవరి మీద కోపంతో అడ్డం పెట్టుకుంటుంది, ఇక ఎవరూ లేరు.

ఇక లెక్క తేల్చాలి. అక్కకు మొగుడి పేరు దక్కింది. ఆ గదిలో ఇప్పుడు ఏం చప్పుడైనా ఆవిడ బదులివ్వదు. మేడంకు పరిశోధన పండింది. అల్లుడుగారు క్షేమం. ఈక వేసుకెళ్ళిన గొడుగూ, ఈ గొడుగూ ఒకే తాను గుడ్డ. ఇన్నేళ్ళు మడతలో ఉండి కూడా చెక్కుచెదరలేదు కాబట్టి నా సరుకుకూ పేరొచ్చింది. పెద్ద ఆర్డరే ఇచ్చారు. ఆ తల్లికి మాత్రం తలుచుకుని తిట్టుకోవడానికి ఉన్న ఒక్క మనిషినీ మేం పట్టుకుపోయాం. ఇన్నాళ్ళూ ఆ చావుకు మా ఇల్లు చిరునామాగా ఉండేది. ఇప్పుడు దానికి చిరునామా లేదు. ఎవరిదీ కాని సరుకు ఎక్కడ దిగబడుతుందో ఏ వర్తకుడూ చెప్పలేడు.

పొద్దున్నే కొట్టు తెరిచి, దుమ్ము రాలడానికి తానుల మీద గజం బద్దతో తడతాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఈమధ్య తట్టాక, బదులు కోసమన్నట్టు కాసేపు ఆగుతున్నాను. అది నా వాటాకు మిగిలింది.