క్షమించడానికి వెళ్ళిన కత్తెరమ్మ

ఆ రోజు వదిన ఇంట్లో వదిన ఉంది, గడ్డానికి సబ్బు నురుగు పూసుకున్న అన్నయ్య ఉన్నాడు, కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తూ అమ్మ ఉంది, వదినతో కలిసి చర్చిలో పాడే ఆడవాళ్ళు ఇద్దరు రేపటి పాట సాధన చేయడానికి వచ్చి ఉన్నారు. ఇంతమందిని చూసి కత్తెరమ్మకు లోలోపల సంతోషమే వేసింది. క్షమించడమంటూ చేశాక నలుగురూ చూడకపోతే ఎలా?

కత్తెరమ్మ దర్జీ. పాస్టరుగారి కొత్త తెల్ల అంగీ కుట్టింది ఆవిడే. పోయిన ఆదివారం ఆయన ప్రార్థనకు చేతులెత్తితే వేళ్ళు కూడా బయటికి రాలేదు. సరిగ్గా అప్పుడే వదిన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కత్తెరమ్మ గుండెలో సూదిలా దిగబడింది.

రేపు చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. మీ మీద ఎవరికైనా కోపముంటే ముందు వాళ్ళతో సమాధానపడండి, తరవాతే రొట్టె ముట్టండని పాస్టరుగారు మరీ మరీ చెప్పారు. ఆ మాటను కత్తెరమ్మ తన కొలతకు కత్తిరించుకుంది. తనకెవరి మీద కోపముందో వాళ్ళింటికి బయల్దేరింది.

తలుపు తీసిన వదినతో గుమ్మంలోనే, "వదినా, నిన్ను క్షమించాను," అంది.

"దేనికమ్మాయ్?"

కత్తెరమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. వదిన తెల్లబోయింది. తను అంగీ వంక చూడనేలేదట. పక్కన కునుకుతున్న అత్తగారు ఉలిక్కిపడి, వేళాపాళా లేకుండా ఆమెన్ అన్నారట. అందుకు నవ్విందట.

అమ్మ బఠానీల్లోంచి తలెత్తింది. "నా కునుకు సంగతి సరేగానీ, మీ వదిన గొంతు తుప్పుపట్టిన కుట్టుమిషనని కొలతలకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పావటగా. దాని మాటేమిటే?"

పాడే ఆడవాళ్ళిద్దరూ నేలచూపులు చూశారు. పాడేవాళ్ళలో తనను వెనక వరసలోకి ఎందుకు జరిపారో వదినకు అప్పుడు అర్థమైంది. ఆమె ముఖం మాడిపోయింది.

రేపటి రొట్టె కత్తెరమ్మ కళ్ళముందే దూరమైపోసాగింది. క్షమ ఇచ్చిపోదామని వస్తే అడుక్కోవలసి వచ్చింది.

"తప్పయిపోయింది వదినా," అంది చివరికి. "కుళ్ళుకొద్దీ అన్నాను. నన్ను క్షమించు."

వదిన కళ్ళు చెమ్మగిల్లాయి. "పోనీలే, క్షమి..." అనబోయింది.

కత్తెరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు నోరూ లేచొచ్చింది.

"అయినా పై స్వరం దగ్గర కాస్త కీచుమంటుందనుకో."

వదిన ఆవిడ ముఖం మీదే తలుపు వేసేసింది.