వదినకు చెప్పిన థాంక్స్

థాంక్స్ చెప్పించే పనిలో అతనికి మంచి పేరుంది. అతను పనిచేసేది ఒక కంపెనీ తరఫున జనానికి ఫోన్లో జవాబులిచ్చే ఆఫీసులో. కొత్తగా చేరినవాళ్ళ కాల్స్ విని మార్కులు వేయడం అతని ఉద్యోగం. కాల్ మొదట్లో ఒక థాంక్స్, చివర ఒక థాంక్స్ వినబడాలి. అవతలివాడు నోటికొచ్చినట్టు తిట్టినా సరే, అది లేకపోతే మార్కులు పోతాయి. పెదవులు కాస్త సాగదీసి అంటే గొంతులో నవ్వు వినిపిస్తుందని అతనే నేర్పుతాడు. మనసులో కూడా ఉండాలా సార్ అని ఒకమ్మాయి అడిగితే, అక్కర్లేదు, గొంతులో ఉంటే చాలన్నాడు.

మెట్ల మీద జారి కాలు విరిగాక, తొడ దాకా కట్టు వేసి ఇంటికి పంపారు. ఒంటరివాడు. కబురు తెలిసిన మర్నాడే వదిన సంచీతో దిగింది. చిన్నప్పుడే తల్లి పోతే, ఆ ఇంటికి కొత్త కోడలుగా వచ్చి అతనికి తల దువ్వి బడికి పంపింది ఆమే. మీసం నెరుస్తున్న వయసులో మళ్ళీ ఆమె చేతుల్లో పడ్డాడు.

మొదట్లో అన్నీ మంచం మీదే. తడిగుడ్డతో వదిన ఒళ్ళు తుడుస్తుంటే అతను కళ్ళు మూసుకునేవాడు. ఆమె మాత్రం నోరు మూసేది కాదు. అన్నయ్య గురక, ఎదురింటి కుక్క పొగరు, పెళ్ళిలో ఎవరో కొత్త చెప్పులు పోగొట్టుకుని వెతుక్కున్న వైనం. కిటికీ వైపు చూస్తూ చెప్పుకుపోయేది. ఈ వాగుడేమిటని అతనికి ఒళ్ళు మండేది. అన్నయ్య రోజూ ఫోన్ చేసి, మా ఆవిణ్ణి ఎప్పుడు పంపుతావురా, ఇక్కడ నా చొక్కాలన్నీ గుండీలు తెంపుకుని కూర్చున్నాయని గోల పెట్టేవాడు.

అతను చంకకర్రలతో స్నానాలగది దాకా వెళ్ళగలుగుతున్నాడని రూఢి చేసుకున్నాక వదిన ప్రయాణం పెట్టుకుంది. బస్సు మధ్యాహ్నం. పొద్దున్నే వంటిల్లు సర్ది, డబ్బాలన్నీ అతనికి అందే ఎత్తుకి దించి, కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

"థాంక్స్ వదినా. నువ్వు చేసిన సాయం ఎప్పటికీ మర్చిపోను" అన్నాడు.

అన్నాక తన పెదవులు సాగి ఉండటం అతనికి తెలిసింది.

వదిన నవ్వింది. "ఎవరితో అబ్బాయ్, ఫోన్లోనా?"

అక్కడ అతనూ నవ్వేస్తే సరిపోయేది. "లేదు వదినా, నిజంగానే చెబుతున్నా" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. కోపం రాలేదు, అదే అతన్ని భయపెట్టింది. కొంగు సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఫ్రిజ్‌లోంచి ఒక సీసా నీళ్ళు దారికి తీసుకోనా అని అడిగింది. ఇన్నాళ్ళూ అతని బీరువా తాళాలు నడుముకి దోపుకుని తిరిగిన మనిషి.

వాళ్ళింట్లో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కూర బాగుంటే అతను ఇంకాస్త వెయ్యమనేవాడు, బాగోకపోతే మొహం ముడుచుకునేవాడు. ఆమెకు రెండూ ఒకేలా అందేవి. తెలుగులో దానికి మాటలు లేక కాదు. అవి సభల్లోనూ శుభలేఖల చివరనూ ఉంటాయి, చెప్పుల్లా గుమ్మం దాటి లోపలికి రావు. థాంక్స్ అయితే ఎక్కడికైనా వస్తుంది. లిఫ్టులో తలుపు పట్టుకున్నవాడికి చెబుతాం, వాడి మొహాన్ని కింది అంతస్తుకి చేరేలోపే మర్చిపోతాం.

అతను దాన్ని నోరు జారి అనలేదు. కాఫీ చల్లారుతుంటే ఆ సంగతి మెల్లగా తేలింది. మంచం మీద కళ్ళు మూసుకున్న రోజుల నుంచీ ఈ ఉదయం కోసమే చూస్తున్నాడు. ఆ ఒక్క మాటతో చేతులు దులుపుకోవచ్చు. తన ఒంటిని చూసిన మనిషి, సాయం చేసి వెళ్ళిపోయిన మనిషిగా మారిపోతుంది. ఆ వాగుడంతా తనకు కప్పిన దుప్పటేనని ఇప్పుడు అర్థమైంది.

ఆమె గుమ్మం దాటితే ఇక చుట్టంలాగే వస్తుంది, ముందు ఫోన్ చేసి, వీలేనా అని కనుక్కుని. ఆమె తప్ప అతనికి అడగకుండా వచ్చేవాళ్ళు లేరు.

సారీ చెబుదామనుకున్నాడు. అదీ ఆఫీసులో తను నేర్పే మాటే.

"వదినా" అన్నాడు చివరికి. "కాలిగోళ్ళు పెరిగిపోయాయి. వంగలేను."

ఆమె కట్టులోంచి పొడుచుకొచ్చిన వేళ్ళ వంక చూసింది. "మొన్న నేనే తీస్తానంటే దుప్పటి లాక్కున్నావుగా?"

అతను కాలు మంచం చివరికి జరిపాడు. వదిన సంచీ పక్కన పెట్టి, గోళ్ళు తీసేది వెతికి తెచ్చి, మంచం చివర కూర్చుంది. ప్రయాణానికి కట్టుకున్న ఇస్త్రీ చీర మీదే అతని మడమ పెట్టుకుంది. గోళ్ళు పసుపుపచ్చగా, వికారంగా ఉన్నాయి. వాటిని ఆమె అంత దగ్గరగా చూస్తుంటే కాలు వెనక్కి లాక్కోవాలనిపించింది.

బొటనవేలి గోరు తెగాక, తలెత్తకుండానే అడిగింది. "గోళ్ళ కోసం అడిగావా, నా మొహం చూసి అడిగావా?"

గోళ్ళ కోసమేనని చెప్పడం తేలిక. ఆ అబద్ధం గొంతు దాకా వచ్చింది.

"నీ మొహం చూసి."

"ఊఁ" అంది వదిన. అది మెప్పో నొప్పో తెలియలేదు. తరవాతి వేలు పట్టుకుంది, అవసరమైన దానికంటే గట్టిగానే.

"మెల్లిగా వదినా" అని విసుక్కున్నాడు.

"చచ్చేం పోవులే" అంది. "కదలకు. బస్సు వేళవుతోంది."