మందారం మీద తెల్లపిండి

కోడలు మొక్కల తనిఖీ కేంద్రంలో పనిచేసేది. ఏ మొక్కకు ఏ పురుగు పట్టిందో తేల్చడం ఆమె పని. బాల్కనీలో మందారాలు అత్తగారివి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు.

ఒక ఆదివారం అత్తగారే పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, ఈ తెల్లపిండి సంగతేంటో చూడు. సబ్బునీళ్లు కొడితే పోతోంది, మళ్లీ వస్తోంది."

కోడలు కొమ్మ వంచి చూసింది. పిండినల్లి. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి అంతటా ఉన్నదే. రెండోది కొత్తగా వచ్చింది, తోటలకు తోటలే ఎండగొడుతుంది. అది కనబడితే చుట్టుపక్కల కుండీలతో సహా తీసుకెళ్లి కాల్చేయాలి. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి.

కొన్నింటిని స్పిరిట్ సీసాలో వేసి కేంద్రానికి పట్టుకెళ్లింది. మర్నాటికి అన్నీ లేతరంగులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నల్లబడింది. కొత్త రకం స్పిరిట్‌లో నల్లబడుతుంది. అయినా రంగొక్కటే చూసి తేల్చడానికి లేదు. దాని లోపలి మెత్తదనమంతా కరిగించి, మిగిలిన చర్మానికి రంగు పట్టించి, గాజుపలక మీద పరిచింది. మైక్రోస్కోపులో వీపు అంచు వెంబడి సన్నని గొట్టాలు కనబడ్డాయి. మామూలు రకానికి అక్కడ అవి ఉండవు. మళ్లీ చూసింది. ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో చెప్పింది.

"ఒక్కటే కదా?" అంది అత్తగారు.

"ఒక్కటే అత్తయ్యా."

"మిగతావన్నీ మామూలువేగా! ఆ ఒక్కటీ నీ కంట పడలేదనుకో."

"పడింది కదా."

అత్తగారబ్బాయి ఇద్దరి మొహాలూ చూసి, టీవీ సౌండు పెంచాడు.

కేంద్రం మనుషులు సంచులతో వచ్చారు. పక్కింటావిడ గులాబీలు కూడా పోయాయి. "మీ కోడలు చేసిన నిర్వాకమేనటగా!" అందావిడ మెట్ల మీద. "చూసి చెప్పకుండా కళ్లు మూసుకోమంటావా?" అని గయ్యిమంది అత్తగారు. ఇంట్లోకొచ్చాక మాత్రం కోడలితో చాలా రోజులు పొడిపొడిగానే మాట్లాడింది. ఖాళీ బాల్కనీలో బట్టలారేసుకున్నారు.

మళ్లీ మొక్కలు పెట్టుకోవచ్చన్న కబురొచ్చాక, అత్తగారు కోడల్ని వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లింది.

"ముందు నువ్వు ఆకుల కింద చూడు. పూలు నేను చూసుకుంటా."

కోడలు ఓపిగ్గా చూసింది. పసుపు మందారం ఒకటి కొన్నారు. పోయిన మొక్కకు పూసే ఎరుపు ఎక్కడా దొరకలేదు. దారి పొడుగునా అత్తగారు ఆ ఎరుపు గురించే చెప్పింది. కోడలు కుండీ ఒళ్లో పెట్టుకుని, ఊఁ కొడుతూ విన్నది.