చక్రాల ఇంటి కిటికీ

పరుపుల పని చేసేవాళ్లు పొద్దున్నే ఆవలించకూడదు, నోట్లోకి దూది పోద్ది. అందుకే నాగూరు, హజ్రా ఇద్దరూ మూతికి గుడ్డ కట్టుకునే పనిలోకి దిగేవాళ్లు. ఆయన విల్లుతో దూది ఏకుతుంటే ఆమె దాన్ని గలీబులో కూరి దబ్బనంతో కుట్టేది. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే పల్నాడులో దూదేకులోళ్లకు ఊపిరాడదు. ఈ ఊళ్లో పరుపు పూర్తయ్యేసరికి పక్క ఊరి నుంచి కబురు, అక్కడ బొంత అయ్యేసరికి ఇంకో ఊరి నుంచి. ఎవరి అరుగు మీద చోటిస్తే అక్కడే పడక. సొంత ఇల్లు మాత్రం కృష్ణ ఒడ్డున తుమ్మలగూడెంలో ఉండేది. ఆ ఇంట్లో నాగూరు తల్లి, ఆమె దగ్గర వీళ్ల నాలుగేళ్ల కూతురు జైనబు. పండక్కీ పబ్బానికీ పోయి బిడ్డను ముద్దాడి, అది నిద్రపోయాక మెల్లగా బయటపడేవాళ్లు.

దేశద్రిమ్మరి పనిలో ఒక దరిద్రం ఉంది. ఇవాళ ఎక్కడున్నారో చెప్పొచ్చు గానీ రేపు ఎక్కడుంటారో వాళ్లకే తెలియదు. ఒక ఏడు బిడ్డకు జొరం తగిలింది. ముసలమ్మ వీళ్లున్న వినుకొండకు మనిషిని పంపింది. ఆ మనిషి పోయేసరికి, ఎవరో పెళ్లివారు పిలిచారని వీళ్లు ఇంకెటో పోయారు. ఎటు పోయారో ఆ అరుగు గలవాళ్లకు తెలియదు. వీళ్లు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. మనిషి ఊళ్లు తిరిగీ తిరిగీ ఒట్టి చేతులతో వెనక్కి పోయాడు. అప్పటికి బిడ్డ లేదు. దూదేకులోళ్లల్లో శవాన్ని ఉంచుకుని ఎదురుచూడటం ఉండదు, పోయిన పూటే మట్టి చెయ్యాల. వాడకట్టు ఆడవాళ్లే స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, ఇంటి వెనక సమాధుల దొడ్డిలో ఓ మూలన పెట్టించారు. తల్లీ తండ్రీ వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది.

హజ్రా గుండెలు బాదుకోలేదు. ఒకే మాట పట్టుకుంది.

"నా చేత్తో ఆఖరి నీళ్లు పొయ్యలేదు."

పరుపు బేరం చేసేటప్పుడూ అదే మాట, అన్నం వార్చేటప్పుడూ అదే మాట. వినేవాళ్లు మొదట్లో కళ్లు తుడుచుకునేవాళ్లు, పోను పోను విని ఊరుకునేవాళ్లు. ఎంతటి దుఃఖమైనా రోజూ వింటే లోకానికి పాతబడుద్ది. పాతబడనిది నాగూరుకే. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు చేతిలో విల్లు బరువెక్కేది.

అంతలోకి డ్యాము పని మొదలైంది. కృష్ణకు అడ్డంగా గోడ కడతారంట, లోయంతా మునుగుద్దంట, ఊళ్లు ఖాళీ చెయ్యాలంట అన్నారు. అన్నట్టే సర్కారోళ్లు వచ్చారు. ఆ లోయలో ఎప్పటివో బౌద్ధుల కట్టడాలు బయటపడితే, వాటిని రాయి రాయీ విప్పి కొండ మీదికి చేర్చి మళ్లీ పేరుస్తున్నారు. ఇల్లు కొలవడానికి వచ్చిన గుమాస్తాను హజ్రా నిలబెట్టి అడిగింది.

"వెయ్యేళ్ల కిందటి రాళ్లకు కొండ మీద చోటు దొరికింది గదయ్యా. నా బిడ్డకు దొరకదా?"

గుమాస్తా మంచివాడే పాపం. టేపు చుట్టుకుని పక్కింటికి పోయాడు. సమాధి తవ్వించడానికి వాడకట్టు పెద్దలు ఒప్పుకోలేదు. మట్టికిచ్చిన బిడ్డను మళ్లీ లేపకూడదన్నారు. నాగూరుకూ అదే సబబనిపించింది.

ముసలమ్మ ఆ దిగులుతోనే కన్నుమూసింది. మాచర్ల దగ్గర కాలనీలో వీళ్లకు స్థలం ఇచ్చారు. పాత ఇంటి దూలాలు, తలుపులు, కిటికీ విప్పి తెచ్చుకోవచ్చన్నారు. నాగూరు అన్నీ విప్పి బండికేసుకుని వచ్చి, పునాదికి ముగ్గు పోద్దామని బయలుదేరితే హజ్రా అడ్డం నిలబడింది.

"నాకు కదలని ఇల్లొద్దు."

"ఇల్లు కదులుద్దా ఎక్కడన్నా?"

"కదిలేదే కట్టు. మనం ఒకచోట, ఇల్లు ఒకచోట ఉండబట్టే గదా బిడ్డ పోయింది. ఇల్లు మన వెంటే ఉంటే బిడ్డా మన వెంటే ఉండేది."

ఇప్పుడెందుకే అందామనుకున్నాడు నాగూరు. ఆమె మొహం చూసి ముగ్గు బుట్ట కింద పెట్టాడు.

ఇల్లు కట్టడం వాళ్లిద్దరికీ రాదు, బండి కట్టడం అసలే రాదు. రెండూ రానివాళ్లు రెండూ కలిపి కట్టబోయారు. మాచర్లలో జమాల్ అని లారీల మెకానిక్కు ఉండేవాడు. లోయలో పడి నుజ్జయిన లారీ ఇరుసు ఒకటి, దానికి సరిపడా అరిగిన టైర్లు ఇచ్చి, బదులుగా తన ఇద్దరు పెళ్లాలకూ చెరో పరుపు కుట్టించుకున్నాడు. "ఒక్క పరుపు కుడితే నాకు నిద్రుండదు బావా" అన్నాడు. ఇరుసు మీద దూలాలు అడ్డం పరిచారు. అటక పలకలు గోడలయ్యాయి. వెదురు బద్దలు వంచి గూడు కట్టి, గోనెపట్టాలు పరిచి తారు పూశారు. పలకల సందుల్లో వాన దిగకుండా హజ్రా తారులో ముంచిన దూది కూరింది. అది వడ్రంగులకు తట్టే ఉపాయం కాదు. మేకు ఆయన కొడితే పలక ఆమె పట్టుకునేది, ఆమె కొడితే ఆయన పట్టుకునేవాడు. ఆమె ఆయన బొటనవేలి మీద కొట్టిన రోజు, బిడ్డ పోయాక మొదటిసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇద్దరూ సిగ్గుపడి ఆ పూట మాట్లాడుకోలేదు.

లోపల పడకకు పలకలు కొలిచేటప్పుడు హజ్రా ముగ్గురికి చాలేంత కొలిచింది. నాగూరు చూశాడు. చూసి, అంతే కోశాడు.

తీరా ఎద్దులు కట్టి బాట మీదికి తోలితే, ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. లారీ ఇరుసు పొడవు, పల్నాడు బండ్ల బాట ఇరుకు. ఒక చక్రం గాడిలో పడితే రెండోది గట్టెక్కుద్ది. పరిగెత్తుకుంటూ పోయి జమాల్‌ను అడిగితే, "ఇరుసు ఇచ్చా గానీ బాట ఇస్తానన్నానా బావా" అన్నాడు. అట్లా ఆ ఇల్లు ఏళ్ల తరబడి పల్నాడంతా ఒరిగే తిరిగింది. లోపల కుండలన్నిటికీ తాళ్లు కట్టాల్సొచ్చింది.

బాట మీదికి తోలకముందు, కిటికీ అన్నిటికన్నా చివర బిగించారు. పాత ఇంటి వెనక గోడది, రెండు రెక్కలు, మధ్యన ఇనప చువ్వలు. పడక పక్కనే పెట్టమంది హజ్రా. మర్నాడు పొద్దున లేచి రెక్కలు తీస్తే, కాలనీ కనపడాల్సిన చోట తుమ్మలగూడెం కనపడింది. పొరుగింటి కూలిన గోడ, సందు, సందు దాటాక సమాధుల దొడ్డి, ఓ మూలన చిన్న మట్టిదిబ్బ.

"కనపడుతందా?" అన్నాడు నాగూరు పడుకునే.

"ఆఁ. గడ్డి మొలిచింది" అంది హజ్రా.

కాలనీలో వాళ్లకు తెలిసి ఒక్కొక్కరూ వచ్చారు. "మా గుమ్మడిపాదు కాసిందేమో చూడమ్మా" అని ఒకామె, "గడ్డివాము ఎవడన్నా ఎత్తుకుపోయాడేమో" అని ఒకాయన. గడ్డివాము లేదని చూసి ఆయన ఆ దొంగను వారం రోజులు తిట్టాడు. వేరే ఊళ్లల్లో పరుపు కోసం వచ్చిన ఆడవాళ్లు కూడా కిటికీలోంచి తొంగి చూసి, "మీ ఊరా? పచ్చగుంది" అని మళ్లీ బేరంలోకి దిగేవాళ్లు. గాలి అటూ ఇటూ ఆడేది. చేతిలో వస్తువు విసిరితే అటు పడేది. హజ్రా ప్రతి గురువారం చువ్వల్లోంచి ఊదుబత్తి పట్టుకుని చెయ్యి బారు చాపేది. పొగ సందు దాటి పోయేది, చెయ్యి మాత్రం దిబ్బ దాకా పోయేది కాదు.

ఇదంతా చూస్తూ నాగూరు లోపల్లోపల కుమిలేవాడు. ఈ కిటికీ ఉన్నన్నాళ్లూ నా పెళ్లాం నా దగ్గర ఉండదు, కిటికీ ఊడదీస్తే అసలే ఉండదు అనుకునేవాడు. ఆయనకున్నది ఆ మనిషొక్కతే. ఆమె కూడా పోతే ఇంత ఇల్లు ఎవరి కోసం ఈడ్చుకు తిరగాల?

ఏళ్లు గడిచాయి. డ్యాము లేచింది. తూముల తలుపులు దించారని, లోయలోకి నీళ్లు ఎక్కుతున్నాయని ఊరూరా చెప్పుకుంటుండగా వీళ్ల ఇల్లు ఈపూరులో ఆగింది. పైన ఎక్కడో వానలు పడి కృష్ణకు వరదొచ్చింది గానీ, ఈపూరు మీద చినుకు లేదు. ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. మిగిలిన ఒక్క బావిలో ఊరిన నీళ్లను చెంబులతో తోడి వంతులేసుకుంటున్నారు. కిటికీలో చూస్తే మాత్రం ఎర్రటి నీళ్లు సందు చివరికొచ్చి నిలబడ్డాయి.

హజ్రా దబ్బనం కింద పెట్టేసింది. అన్నం ముట్టలేదు. ఎదురింటి పాపమ్మ, చర్చికి పోయి వస్తా ఆగి, "ఏందమ్మా అట్లా కూర్చున్నావు?" అని లోపలికొచ్చి కిటికీలోంచి చూసింది.

"నీళ్లు చానా దగ్గరికొచ్చినయ్యే. ఆ దిబ్బ ఎవరిది?"

"నా బిడ్డది అక్కా. నేను ఆఖరి నీళ్లు పొయ్యలేదు. ఇప్పుడు సర్కారోళ్ల నీళ్లొస్తండయ్. వాళ్ల నీళ్లు తగలకముందు నా నీళ్లు పడాల."

పాపమ్మ బండి మూలనున్న కుండ వంచి చూసింది. అడుగున లోటాడు నీళ్లు కూడా లేవు. బండి దిగి ఊళ్లోకి పోయింది.

హజ్రా మొగుడి వైపు తిరిగింది. "చువ్వలు తియ్."

ఇన్నేళ్లుగా నాగూరు ఏ మాటకు భయపడ్డాడో అదే మాట.

"పోతే తిరిగొస్తావా?" అని అడిగాడు.

హజ్రా అబద్ధం చెప్పే మనిషి కాదు.

"తెలవదు" అంది.

ఆయన కాదనొచ్చు. కాదంటే ఆమె తోసుకుపోదు, ఇక్కడే ఉండిపోద్ది. కానీ ఆ ఉండటం ఎట్లాంటిదో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. పరుపు పని పెట్టెలోంచి సుత్తీ పట్కారూ తెచ్చి, తాను బిగించిన చువ్వలు తానే ఒక్కొక్కటీ ఊడదీశాడు. తీస్తా ఉంటే కళ్లల్లోంచి నీళ్లు కారి పట్కారు జారింది. తుడుచుకుని మళ్లీ తీశాడు.

అప్పటికి ఇంటి ముందు అలికిడైంది. పాపమ్మ ఒక్కతే రాలేదు. ఆమె వెనక మాలపల్లె ఆడవాళ్లు, దూదేకుల వాడ ఆడవాళ్లు, కాపుల ఇళ్లవాళ్లు. ఒకామె చేతిలో చెంబు, ఒకామె చేతిలో గిన్నె, చంకన పసిపిల్లనెత్తుకున్న ఒకామె చేతిలో సగం లోటా. ఆ పూట ఎవరి వంతుకు వచ్చిన నీళ్లు వాళ్లు పట్టుకొచ్చారు.

"బిడ్డ స్నానానికి సరిపోతయ్యో లేదో, చూడమ్మా" అంది పాపమ్మ.

హజ్రా కిటికీ దాటి సందులోకి దిగింది. చీర చెంగు బిగించి, గడ్డిలో నడుచుకుంటూ దిబ్బ దగ్గరికి పోయింది. ఆడవాళ్లు నాగూరుకు అందిస్తే, నాగూరు కిటికీలోంచి వంగి, ప్రతిసారీ సందు దాటి వచ్చే ఆమెకు అందించాడు. తల వైపు నుంచి కాళ్ల వైపుకు, అరచేత్తో మట్టిని నిమురుతా, చంటిబిడ్డకు పోసినట్టే కళ్ల మీద పడకుండా అడ్డం పెట్టుకుని పోసింది. మధ్యలో ఏదో చెప్పింది బిడ్డకు. ఆ మాటలు ఇవతలికి వినపడలేదు. చెంబులన్నీ అయిపోయాయి. చివరికి ఆ సగం లోటా కూడా అయిపోయింది. ఎర్రనీళ్లు అప్పటికి ఆమె మడమలు తడుపుతున్నాయి. ఆమె లేవలేదు.

"రావే" అన్నాడు నాగూరు.

ఇక ఆయనకు ఆగబుద్ధి కాలేదు. ముందు ఒక కాలు పెట్టి, నడుం పట్టక ఇరుక్కుని, పాపమ్మ వెనక నుంచి తోస్తే అవతల పడ్డాడు. లేచి పోయి దిబ్బకు రెండో పక్క కూలబడ్డాడు. బిడ్డ పోయినప్పటినుంచీ ఆయన ఆ మట్టిని తాకలేదు. పెళ్లాం దుఃఖానికి కాపలా కాయడంలో తన దుఃఖం ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. తడిమట్టి మీద చెయ్యి పడగానే అది కట్ట తెగినట్టు వచ్చింది. దిబ్బ మీదికి వాలి, "నా తల్లీ, చెప్పకుండా పోయానమ్మా, ఎక్కడికి పోతన్నానో చెప్పకుండా పోయాను" అని ఏడ్చాడు. నీళ్లు ఆయన మోకాళ్లెక్కాయి, నడుమెక్కాయి. ఆయనకు లేవాలని లేదు. ఇక్కడే బాగుంది అనిపించింది.

హజ్రా ఆయన్ని చూసింది. చాలా ఏళ్ల తర్వాత మొగుణ్ణి నిండుగా చూడటం అదే. చుట్టూ తిరిగొచ్చి, ఆయన చంకల కింద చేతులేసి లేపింది.

"లే. తడిసిపోతన్నావు" అంది. "బిడ్డకు స్నానమైంది. పడుకోనీ."

ఆయన్ని పసివాణ్ణి నడిపించినట్టు నడిపించుకొచ్చి, ముందు ఆయన్ని కిటికీ ఎక్కించి, వెనక తానెక్కింది. ఇద్దరి బట్టల్లోంచి కృష్ణ నీళ్లు పలకల మీద కారాయి. ఆడవాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరి ఖాళీ చెంబు వాళ్లు తీసుకుని, ఆ పూటకు నీళ్లు లేని ఇళ్లకు పోయారు.

మర్నాడు కిటికీ తీస్తే పాపమ్మ ఇంటి కంచె, కంచె మీద ఆరేసిన చీర కనపడ్డాయి. హజ్రా వాటిని కొంచెంసేపు చూసింది.

నాగూరు ఎద్దుల్ని తోలుకొచ్చాడు. నరసరావుపేట నుంచి ఎవరో పెళ్లివారు పరుపులకు కబురు పెట్టి ఉన్నారు. కాడి ఎత్తబోతుంటే హజ్రా మెట్టు దిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"కాడి దించు."

"పెళ్లివారు..."

"పరుపులు నువ్వు పోయి కుట్టిరా. ఏ ఊరు పోతన్నావో చెప్పి పో. నేనిక్కడే ఉంటా. మన బిడ్డకు నీళ్లు పోసిన ఊరిది. దీన్నొదిలి ఎక్కడికి పోతాం?"

నాగూరు కాడి దించాడు. ఇరుసు కింద పెట్టడానికి రాళ్లు వెతుకుతుంటే, పాపమ్మ తన పెరట్లోంచి రెండు దొర్లించుకొచ్చింది. ముగ్గురూ కలిసి ఇల్లెత్తి చక్రాలు ఊడదీశారు.