నొప్పి కబురు

"ఏమే, కండెలేవి? సాంచెలు ఆగుతయి!" అని మరమగ్గాల గదిలోంచి కరుణాకర్ కేకేశాడు. మగ్గాల్లో పెట్టే నూలు కండెలన్నీ ఇంట్లో కూర్చుని పద్మలతే చుడుతుంది. అయినా ఊళ్లో అందరి మాటా ఒకటే: అతను నేతపని చేస్తాడు, ఆమె ఊరికే ఇంట్లో ఉంటుంది.

రోజూ పొద్దున సాంచెలకు, అంటే ఆ మరమగ్గాలకు, నూనె పోసి, అదే చేత్తో పెళ్లాం అరచేతిలో ఓ నొప్పి గోలీ వేసేవాడు. ముందు సాంచెలకే. అత్త కొమురవ్వకు ఆ గోలీ కూడా దండగే. "మేం చుట్టలేదా కండెలు? గిప్పటోళ్లకు ఏలు నొస్తే గోలీ, కాలు నొస్తే గోలీ!"

ఇంటర్ చదివే కూతురు కావ్య ఓసారి ఫోన్ చూసి చెప్పింది. "ఎనుకట ఏదో చెట్టు బెరడు నమిలేటోళ్లట అమ్మా, అట్ల పుట్టినయట నొప్పి గోలీలు. జరానికి, తలనొప్పికి, కీళ్లకు అన్నిటికీ ఏస్తరు. కని రోగం మానదు. నొస్తుందని మెదడుకు పొయ్యే కబురును ఆపుతయి, గంతే." పద్మలతకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో తన నొప్పి కబురు ఎవరికి చేరిందని, ఆపడానికి!

పోయిన నెల నెత్తురు కక్కుకుంది. కడుపులో పుండు పడింది, ఇంకో గోలీ మింగితే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టర్. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను చూసుకుంట" అన్నాడు కరుణాకర్.

తెల్లారి నుంచి తనే ఛాయ్ పెట్టి ఇచ్చాడు. పెళ్లయిన నాటి నుంచి పొయ్యి మొహం చూడని మనిషి! అల్లం దంచి, చక్కెర దండిగా వేసి తెస్తుంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పులు కూడా తగ్గాయి. "మారిండే మా ఆయన" అని పక్కింటి నవతకు గొప్పగా చెప్పుకుంది. ప్రేమగా చూసుకుంటే నొప్పులు పోతాయని నమ్మింది, పిచ్చిది.

నిన్న గ్లాసు అడుగున తెల్లటి పిండి కనబడింది. వేలితో నాలుకకు రాసుకుంది. ఆ చేదు ఆమెకు కొత్తది కాదు.

నిలదీస్తే అత్త మొహం తిప్పుకుంది. అతను మాత్రం కాస్త కూడా జంకలేదు. "నొప్పి పోయిందా లేదా? డాక్టర్ మాట పట్టుకొని కూసుంటే కండెలు ఎవ్వడు చుట్టాలె?"

కడుపులో పుండు కంటే ఆ ఛాయ్ ఎక్కువ మండింది. దాన్ని కళ్లకద్దుకుని తాగినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఇవాళ పొద్దున కూడా గ్లాసు తెచ్చి పెట్టి వెళ్లాడు, ఏమీ జరగనట్టే. పద్మలత దాన్ని మోరీలో పారబోసింది. కండెల మిషన్ ఆపి గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి నడుములో నొప్పి లేచి మెడ దాకా పాకింది. రానిచ్చింది. నూలు లేక ఒక సాంచె ఆగింది. తర్వాత రెండోదీ ఆగింది.

కరుణాకర్ ఉరుకుతూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైందే?"

"నొస్తుంది. ఇంక నేను కండెలు చుట్టను," అంది పద్మలత. "ఇప్పుడు చేరిందా కబురు?"